కారు వేరు, ఊట వేరు

సున్నా రాయమన్నారు నన్ను. ముప్పై రెండేళ్లు ఆ రిజిస్టర్‌లో దినామూ అంకెలు రాసినదాన్ని. ఈ ఒక్క దినం ఊట గడిలో సున్నా పెట్టి, పక్కన సంతకం చేసి, శాలువా కప్పించుకుని ఇంటికి పోమ్మా ఓబులమ్మా అన్నారు. రాయనన్నా. పేపర్లో "ఉద్యోగిని మొండితనం" అని వేసినారంట. మొండితనమే, దాంట్లో అబద్ధమేం లేదు. కానీ ఎందుకనేది వాళ్లు రాయలేదు. అది నేను చెప్తాండా.

మాది చిత్రకోన డ్యాం. ఎర్రేటికి అడ్డంగా రెండు కొండల నడుమ రాతితో కట్టిన పాత డ్యాం. దాని కడుపులో ఈ కొస నుంచి ఆ కొసకు ఒక సొరంగం ఉంటాది, గ్యాలరీ అంటాం. లోపల నేలలో వరసగా తొంభై ఆరు బెజ్జాలు. డ్యాం అడుగున బండలోకి దూరిన నీళ్లు ఆ బెజ్జాల్లోంచి పైకొచ్చి, కాలవలో పడి బయటికి పోతాయి. పొద్దున ఆరుకు పోయి, ఒక్కో బెజ్జం గొట్టం కింద చెంబు పట్టి, నిమిషానికి ఎంత నీళ్లొచ్చినాయో రాసేది నా పని. ఆ బెజ్జాలు తొలిచిన కూలోళ్లలో మా నాయన తిప్పన్న ఒకడు. నలభై ఒకటో బెజ్జం కాడ ఆయన రెండు వేళ్లు పోయినాయి. దాన్ని నేను మా నాయన బెజ్జం అనే అంటా.

రిజిస్టర్‌లో రెండు గడులు. ఒకటి కారు, ఇంకోటి ఊట. నాయనోళ్ల కాలం నుంచి వస్తాండే మాటలు ఇవి. గోడ రాళ్ల సందుల్లోంచి కారే నీళ్లు కారు. అది ఎంత తగ్గితే అంత మంచిది. అడుగు బండ నుంచి బెజ్జాల్లోకి ఊరేది ఊట. అది ఆగకూడదు. ఆగిందంటే ఆ నీళ్లకు పోయే దారి లేదని, డ్యాం కిందనే చేరి దాన్ని పైకి ఎత్తతాండాయని అర్థం. డ్యాం కింద చిత్రకోన ఊళ్లో పన్నెండు వేల మంది ఉండారు. వాళ్లలో ఒక్కరికీ ఈ రెండు గడుల సంగతి తెలీదు. తెలియాల్సిన అవసరం కూడా లేదు, నేను చూసుకుంటా ఉన్నా గదా.

ఆ డ్యాంకు కొత్త పని పెట్టాలని ప్రతిపాదన వచ్చింది. పక్క కొండ మీద ఒక చెరువు తవ్వుతారు. పగలు ఎండ కరెంటు మిగిలిపోతా ఉంటాది, దాంతో డ్యాం నీళ్లు ఆ చెరువులోకి తోడతారు. సందేళ ఊళ్లల్లో లైట్లు వేసుకునే టయానికి వాటినే కిందికి వదిలి కరెంటు చేస్తారు. ఆలోచన మంచిదే, నేనేమీ వద్దనలేదు. చిక్కల్లా మా డ్యాంతోనే. ఏడాదికొకసారి నిండి, మెల్లగా తగ్గేదానికని కట్టిన డ్యాం అది. దినామూ ఐదు మీటర్లు ఎక్కి దిగితే తట్టుకోదని, కారు మరీ ఎక్కువని అనుమతి ఇచ్చే పెద్దోళ్లు రెండుసార్లు ఫైలు వెనక్కి పంపినారు. మూడోసారి ఒప్పుకున్నారు. ఒప్పించింది ఎవరంటే, నా బిడ్డ హైమ.

హైమ సూక్ష్మజీవుల చదువు చదివింది. పదేళ్లు కష్టపడి ఒక గచ్చు కనిపెట్టింది. జీవగచ్చు అని పేరు పెట్టింది. డ్యాం పక్కనే రేకుల షెడ్డులో ల్యాబు ఇచ్చినారు. ఒకరోజు నన్ను పిలుచుకుపోయి చూపించింది. బల్ల మీద నడుమ పగిలిన రాతి దిమ్మె, పగుల్లోంచి టపటపా నీళ్లు పడతాండాయి. బూడిదరంగు గంజి మాదిరి ఉండేదాన్ని సిరంజితో ఆ పగుల్లోకి ఎక్కించింది.

"ఇందులో ఉండేవి బతికుండే పురుగులు మా. కంటికి కనపడవు. నీళ్లు తగిలితే లేస్తాయి, నీళ్లల్లో ఉండే సున్నం తిని రాయి కడతాయి. పగులు మూసుకున్నాక కొత్త నీళ్లు రావు. తిండి లేక పండుకుంటాయి."

"మళ్లా పగిలితే?"

"మళ్లా లేస్తాయి."

మర్నాడు పొద్దున చూస్తే దిమ్మె కింద నేల పొడిగా ఉండాది. పగులు మీద తెల్లటి చార. గోరుతో గీకినా రాలేదు. జీవితమంతా రాయి కొట్టిన తిప్పన్నకు రాయి పుట్టించే మనమరాలు పుట్టిందని నాకు కండ్లల్లో నీళ్లు తిరిగినాయి. ఆ పొద్దు కనపడినోళ్లందరికీ చెప్పుకున్నా.

ఇంక తప్పు యాడ జరిగిందో చెప్పాల. మాదే తప్పు, తల్లీబిడ్డలది.

గచ్చు ఎంత ఎక్కించాలి, ఎప్పుడు ఆపాలి అనేది కంప్యూటర్ చూసుకుంటాది. దానికి డ్యాం సంగతి నేర్పేదానికి నా రిజిస్టర్లన్నీ ఫొటోలు తీసి పెట్టినారు. అది నా చేతిరాత చదివి ఇంగ్లీషులోకి మార్చింది. మార్చి ఏం చెప్పిందంటే, గ్యాలరీలోకి దినామూ పద్నాలుగు మోటారు కార్లు వస్తాండాయని. "కారు 14" అని ఉంటే దానికేం తెలుస్తాది పాపం. మీటింగులో అది తెర మీద పడింది. ప్రాజెక్టు పెద్ద చక్రపాణి సారు "ఓబులమ్మగారి కార్లకు పార్కింగ్ ఎక్కడండీ" అన్నాడంట. అందరూ పగలబడి నవ్వినారంట. హైమ అక్కడే కూర్చుని ఉండాది.

ఆ సాయంత్రం ఫోన్ చేసింది.

"మా, ఈ కారు, ఊట అనే మాటలు తీసేసి, రెండూ కలిపి లీకేజీ అని ఒకే గడి పెడతా. రెండూ నీళ్లే గదా. కలిపేయనా?"

నా మీద నవ్వినారని నాకప్పటికే తెలుసు. గ్యాలరీ కాపలా ఉండే మస్తాన్‌వలి చెప్పినాడు. కడుపు మండతా ఉండాది. "కలిపేయ్ తల్లీ, మన పిచ్చి మాటలు వాళ్లకెందుకు" అన్నా. సంగటి గెలుకుతా, చెవికీ భుజానికీ నడుమ ఫోన్ ఇరికించుకుని అన్న మాట అది. ముప్పై రెండేళ్లు వేరువేరుగా రాసినదాన్ని అరనిమిషంలో ఒకటి చేసినా. లీకేజీ సున్నా అయ్యేదాకా గోడల్లోకీ అడుగు బండలోకీ గచ్చు ఎక్కించమని కంప్యూటర్‌కు చెప్పినారు.

ఎండాకాలం మొదట్లో ప్రయోగం మొదలైంది. నీళ్లు తోడి, దించి కరెంటు చేసే మెషీన్లు ఎనిమిది రావాల్సిన చోట ఒక్కటి పెట్టి నాలుగు నెలలు నడుపుతారు. డ్యాం బాగుందని తేలితే మిగతా ఏడుకూ అనుమతి. మొదటి నెలకే కారు సగానికి పడిపోయింది. రెండో నెలకు గోడలు ఆరిపోయినాయి. నా చిన్నప్పటి నుంచి తడిగా చూసిన రాళ్ల మీద చెయ్యి పెడితే దుమ్ము అంటింది. చక్రపాణి సారు మిఠాయి పంచినాడు. నేనూ రెండు తిన్నా.

మూడో నెల్లో తొమ్మిదో బెజ్జం ఆగింది. ఆ వెనకే పదకొండు, పన్నెండు. గొట్టం ఊడదీసి చూస్తే బెజ్జం మూతి తెల్లగా పూడిపోయి ఉండాది. పోయి సారుకు చెప్పినా.

"లీకేజీ తగ్గుతోంది కదమ్మా, మంచిదేగా" అన్నాడు.

"అది లీకేజీ కాదు సార్, ఊట."

"మళ్లీ మొదలుపెట్టావా. కింద ఒత్తిడి కొలిచే మీటర్లున్నాయి, చూసుకో. అన్నీ తక్కువే చూపిస్తున్నాయి."

ఆ మీటర్ల గొట్టాలు కూడా అదే బండలోకి దిగినవే. అవీ పూడిపోయి ఉంటే తక్కువ చూపించక ఏం చూపిస్తాయి? అదే మాట అన్నా. సారు ఫోన్ ఎత్తుకుని పక్కకు పోయినాడు. నాలుగో నెల వచ్చేసరికి తొంభై ఆరుకు తొంభై ఆరూ ఆగినాయి. గ్యాలరీలో చడీచప్పుడు లేదు. నీళ్ల చప్పుడు లేని గ్యాలరీలో నేను అంతవరకూ నిలబడలేదు.

ఆదివారం హైమ ఇంటికొచ్చింది. వంటింటి గట్టు అప్పుడే కడిగినా, తడి ఆరలేదు. పొయ్యి మీద నుంచి పప్పుగిన్నె దించి గట్టు మీద పెట్టి, ఇటు తిరిగేలోపల గిన్నె దానంతటదే జారతా గట్టు అంచుకు వచ్చింది. హైమ మసిగుడ్డతో గబుక్కున పట్టుకుంది.

"ఎవరు నెట్టినారే దాన్ని?" అన్నా.

"ఎవరూ నెట్టలేదు మా. వేడికి అడుగున ఆవిరి చిక్కుకుని ఎత్తింది."

"గిన్నె బరువేమన్నా తగ్గిందా?"

"లేదు. అడుగు పట్టు తప్పింది, అంతే."

"మీ తాత తొంభై ఆరు బెజ్జాలు ఎందుకు తొలిచినాడో ఇప్పుడు చెప్పు."

ఆ పిల్ల గిన్నె కింద పెట్టకుండా అట్లే నిలబడిపోయింది.

"ఒకే గడి," అనింది. "ఒకే గడి పెట్టినా మా నేను. సున్నా అయ్యేదాకా ఆపొద్దన్నా దానికి." మళ్లా అనింది, "కానీ పురుగులు పండుకోవాల గదా. ల్యాబులో పండుకున్నాయే."

"ల్యాబులో నీళ్లు దినామూ ఎక్కి దిగినాయా?"

గిన్నె దించి, నేల మీద కూర్చుని, వేలితో ఏవో లెక్కలు వేసుకుంది. డ్యాంలో నీళ్లు ఎక్కి దిగినప్పుడల్లా బండ సందుల్లోకి కొత్త నీళ్లు పోతాండాయి. పండుకునేదానికి సందే లేదు వాటికి. "దినామూ రెండు పూటలా వడ్డించినాం మా వాటికి" అనింది, ఏడ్చింది. నేనూ ఏడ్చినా. కలిపేయమన్న నోరు నాదే గదా.

సోమవారం పోయి చక్రపాణి సారుకు అంతా చెప్పింది. మళ్లా బెజ్జాలు తెరిచేదాకా మెషీన్ ఆపమనింది. ఆయన వినలేదు. శుక్రవారం ఆఖరి పరీక్ష, అనుమతి ఇచ్చే పెద్దోళ్లు వస్తాండారు. పై చెరువు మొత్తం ఒకే ఊపున దించి, డ్యాం అంచుదాకా నింపి చూపించాల.

"అది అయ్యాక మీ అనుమానాలు చూద్దాం" అన్నాడంట.

"అప్పుడే సార్ ప్రమాదం. అంత నీళ్లు మీద పడినప్పుడే డ్యాం జారేది."

"రిపోర్టులో మీ సంతకమే ఉంది హైమా. ఇప్పుడు తప్పు అంటే మీ పదేళ్ల పని ఏమవుతుందో ఆలోచించారా?"

"ఆలోచించినా సార్. ఏమన్నా కానీ" అనిందంట నా బిడ్డ. ఆ సాయంత్రమే దాని ల్యాబుకు తాళం వేసినారు.

ఆ శుక్రవారమే నాకు రిటైర్మెంటు. డ్యాం మీద షామియానా వేసినారు. మూడింటికి నాకు శాలువా, ఐదింటికి నీళ్లు. రెండున్నరకు చక్రపాణి సారు రిజిస్టర్ తెచ్చి నా ముందర పెట్టినాడు. పరీక్షకు ముందు ఊట కొలత సంతకంతో ఉండాలని పాత రూలు. దానికోసం పాత గడి మళ్లా గుర్తొచ్చింది వాళ్లకు.

"ఊట గడిలో సున్నా వేసి సంతకం పెట్టమ్మా."

"సున్నా కాదు సార్. తెలీదు అని రాస్తా."

"ఈ రోజు నీళ్లొచ్చాయా?"

"రాలేదు."

"రాకపోతే సున్నానే కదా."

"పూడిన బెజ్జంలోంచి నీళ్లెట్ల వస్తాయి సార్? ఒకరి నోరు గట్టిగా మూసి పెట్టి, వాడికి ఏ బాధా లేదంట అని రాసుకుంటారా మీరు?"

"ఓబులమ్మా, ఇది నీ చివరి రోజు. మంచిగా పో."

"మంచిగానే పోతా సార్" అని లేచినా.

గ్యాలరీ వాకిట్లో ఒక చెక్క ఉంటాది. దానికి మేకులు, మేకులకు నంబర్లేసిన ఇత్తడి బిళ్లలు. లోపలికి పోయే మనిషి తన బిళ్ల తీసుకుని పోవాల, బయటికొచ్చినాక తగిలించాల. నేను పుట్టక ముందు లోపల ఇద్దరు మనుషులుండగా ఎవరో నీళ్లు వదిలినారంట. అప్పటి నుంచి ఉండే రూలు అది. కొత్త మెషీన్ పెట్టినప్పుడు ఆ మేకులకే తీగలు కలిపినారు. ఒక్క మేకు ఖాళీగా ఉన్నా నీళ్లు కిందికి కదలవు. నా బిళ్ల పంతొమ్మిది.

"ఇప్పుడు యాడికక్కా? శాలువా కప్పాల గదా నీకు" అన్నాడు మస్తాన్‌వలి.

"నువ్వు కప్పుకో పో" అని బిళ్ల తీసి బొడ్లో దోపుకున్నా. నాయన వాడిన నిలువెత్తు ఇనుప కమ్మీ, సుత్తి అక్కడే కాపలా గది మూల ఉండాయి. రెండూ భుజాన వేసుకుని లోపలికి పోయినా.

నలభై ఒకటో బెజ్జం కాడికి పోయేసరికి వెనక అడుగుల చప్పుడు. హైమ. దాని చేతిలో ఇరవయ్యో నంబరు బిళ్ల.

"నువ్వెందుకే వచ్చినావు? ఉండే పని కూడా పోతాది."

"పోతే పోనీ మా. కమ్మీ నేను పట్టుకుంటా, నువ్వు కొట్టు. గాలి తగిలే మూతి కాడనే గట్టిగా కడతాది అది. మూడడుగులు పోతే కింద ఖాళీనే."

కొట్టినా. యాభై ఎనిమిదేళ్ల మనిషిని, చెయ్యి ఊడి పోతాదేమో అనిపించింది. గచ్చు పలుకులు పలుకులుగా లేస్తాండాది, తెల్లగా, గట్టిగా. దాన్ని చూస్తే నాకు కోపం రాలేదు. నా బిడ్డ పుట్టించిన రాయి అది, ఎంత బాగా కట్టిందో. హైమ దాని వైపు చూడకుండా కమ్మీ తిప్పుతా ఉండాది. గోడ మీది మైకులో చక్రపాణి సారు గొంతు వచ్చింది. బయటికి రమ్మన్నాడు, పోలీసులన్నాడు, పింఛను ఆపిస్తానన్నాడు. పక్కనున్న ఫోన్ ఎత్తి చెప్పినా.

"బిళ్ల నా బొడ్లో ఉండాది సార్. కావాలంటే మీరే లోపలికొచ్చి తీసుకోండి."

రాలేదు. పైన పెద్దోళ్లంతా ఎదురుచూస్తాండారు, ఈయన మాత్రం వాకిలి దాటలేదు.

ఇంకో నాలుగు దెబ్బలకు అడుగున బుస్సుమని శబ్దం వచ్చింది. పక్కకు జరుగు అని హైమను నెట్టినా. అంతలోనే కమ్మీ పైకి ఎగిరి నా కుడి మణికట్టు మీద పడింది. దాని వెనకనే నీళ్లు. మామూలుగా చెంబులోకి సన్నగా పడే ఊట, ఆ పొద్దు నిలువుగా లేచి గ్యాలరీ కప్పుకు కొట్టింది. కప్పుకు తగిలి మా ఇద్దరి నెత్తిన పడింది. చెయ్యి విరిగిందని తెలుస్తానే ఉండాది నాకు, అయినా నవ్వొచ్చింది. హైమ ఆ నీళ్లల్లో నిలబడి తల పైకెత్తి చూసి, "ఇదంతా డ్యాం కింద ఉండాది మా ఇన్ని దినాలు" అనింది.

ఫోన్లో వీడియో తీసి, నేరుగా షామియానా కిందికి పోయి పెద్దోళ్ల ముందర పెట్టింది. వాళ్లలో ఇద్దరు బూట్లు తడుపుకుంటా లోపలికొచ్చి చూసినారు. ఇట్లాంటివి ఇంకెన్ని అని అడిగినాడు ఒకాయన. "తొంభై అయిదు" అనింది హైమ. ఐదింటికి నీళ్లు దిగలేదు.

ఇది జరిగి నెలైంది. పరీక్ష వాయిదా వేసినారు. నా పంతొమ్మిదో బిళ్ల మాత్రం నేను తిరిగి తగిలించలేదు. నీళ్లు ఎక్కి దిగే చోట జీవగచ్చు వాడకూడదని హైమ సొంత చేత్తో రాసిచ్చింది, దాని పదేళ్లూ ఆ ఒక్క కాగితంతో పోయినాయి. ఇప్పుడు కూలోళ్లతో పాటు దినామూ గ్యాలరీలో కమ్మీ పట్టుకుని, తాను కట్టించిందాన్ని తానే పగలగొడతా ఉండాది. ముప్పై నాలుగు బెజ్జాలు తెరిచినారు. అంతలో నిన్న పొద్దున పైనుంచి ఇంక చాలు అన్నారంట.

నిన్న చక్రపాణి సారు మా ఇంటికే వచ్చినాడు. మంచినీళ్లు ఇచ్చినా.

"ముప్పై నాలుగు తెరిస్తే చాలని లెక్క తేలిందమ్మా. బిళ్ల ఇచ్చేయ్. రిటైరైన మనిషి దగ్గర ఉండకూడదు అది."

"బిళ్ల లేకపోయినా నడపొచ్చు గదా సార్, రూలు ఉండాది. ఒక ఆఫీసరు గ్యాలరీ అంతా తిరిగి చూసి, అంతా బాగుంది, ఏమన్నా అయితే నాదే పూచీ అని సొంత చేతిరాతతో రాసి సంతకం పెడితే చాలు. పెట్టండి."

సారు గ్లాసు పక్కకు జరిపినాడు. నాకు తెలుసు. ఆ కాగితం నెల రోజులుగా ముగ్గురు ఆఫీసర్ల బల్లల మీద తిరిగింది. ఒక్కరూ పెన్ను మూత తీయలేదు. నన్ను మాత్రం సున్నా పక్కన సంతకం పెట్టమన్నారు.

"మిగతా అరవై రెండూ తెరవండి సార్. ఊట చూసినాక నేనే వచ్చి తగిలిస్తా" అన్నా. ఆయన లేచి పోయినాడు. గ్లాసులో నీళ్లు అట్లే ఉండాయి.

సాయంత్రం హైమ గ్యాలరీ నుంచి వచ్చింది, జుట్టు నిండా తెల్లటి పొడి. ఆఫీసు రిజిస్టర్ మాకు ఇవ్వరు. నోటుబుక్కు కొని, దానికి మేమే రెండు గడులు గీసుకున్నాం. నా కుడిచేతికి కట్టు ఉండాది కాబట్టి హైమ రాస్తాది. కారు గడిలో రెండు అని రాసింది. ఊట గడిలో ముప్పై నాలుగింటికి ముప్పై నాలుగు అంకెలు వేసింది. పెన్ను ఆపి నా వైపు చూసింది.

"మిగతావాటికి?"

"తెలీదు అని రాయి."

"అరవై రెండుసార్లా మా?"

"అరవై రెండుసార్లూ రాయాల."

రాసింది. నోటుబుక్కు నా వైపు జరిపింది. కింద ఎడమచేత్తో సంతకం పెట్టినా. రిటైరైనదాని సంతకం చెల్లదంట. వంకరటింకరగా కూడా పడింది. అయినా ఆ డ్యాం ఇప్పుడెట్లుందో రాసి సంతకం పెట్టిన మనిషిని నేనొక్కదాన్నే.